చేయిస్తూ నేర్పే వైద్యం: పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ పుట్టుపూర్వోత్తరాలు

పెద్ద ఊళ్ళలోని కొన్ని పిల్లల ఆసుపత్రుల్లో ఓపీ పక్కన ఓ గది కనిపిస్తుంది. పైనుంచి వేలాడే ఉయ్యాల, నేలమీద పరుపులు, పెద్ద రబ్బరు బంతి, పూసలు, బంకమట్టి. చూడటానికి ఆటగది, జరిగేది చికిత్స. సెరిబ్రల్ పాల్సీతో చేతులు బిగుసుకుపోయిన పాప, ఆటిజం ఉన్న బాబు, పెన్సిల్ పట్టు కుదరక రాత అంటేనే ఏడ్చే రెండో తరగతి పిల్లాడు వారానికి ఒకటి రెండుసార్లు వచ్చి, ముప్పావుగంటో గంటో ఉండి ఇంటికి వెళ్తారు. అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం, రాసుకోవడం, తోటివాళ్ళతో ఆడుకోవడం వంటి పనులు పిల్లలు సొంతంగా చేసుకునేలా తీర్చిదిద్దేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. వాడుకలో ఈ చికిత్సనూ, చేసేవారినీ ఓటీ అనే అంటారు.

దీని పుట్టుక పెద్దల రోగాల దగ్గర మొదలైంది. అమెరికాలో జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్టుకు క్షయ సోకింది. ఆపైన కాలికి శస్త్రచికిత్స, ఎడమవైపు పక్షవాతం. తోటపని, వడ్రంగం చేస్తూ ఆయన మెల్లగా కోలుకున్నాడు. మంచంమీద ఊరికే పడుకోబెట్టడం కన్నా చేతికి తగిన పని ఇవ్వడమే మందు అన్న నమ్మకం అలా గట్టిపడింది. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఆయన ఇంట్లోనే కొద్దిమంది సమావేశమై ఒక సంఘం పెట్టారు. వారిలో మానసిక వైద్యుడు విలియం డంటన్, సమాజ సేవకురాలు ఎలియనార్ క్లార్క్ స్లేగిల్ ఉన్నారు. ఇప్పటి అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్‌కు మూలం అదే. అంతకు ముందే, 1910లో, సుసాన్ ట్రేసీ అనే నర్సు రోగులకు నేర్పదగిన పనుల మీద పుస్తకం రాసింది. జబ్బుపడిన పిల్లల చేత ఏం చేయించవచ్చో అందులో ఉంది.

పిల్లల వైపు ఈ వృత్తిని బలంగా లాగింది పోలియో. 1916లో అమెరికాలో సుమారు 27,000 మందికి ఆ జబ్బు సోకింది. ప్రాణం దక్కినా చాలామందికి కాళ్ళో చేతులో చచ్చుబడ్డాయి. మిగిలిన కండరాల బలంతోనే చెంచా పట్టడం, బట్టలు వేసుకోవడం వాళ్ళకు నేర్పవలసి వచ్చింది.

తర్వాత చూపు కండరాల నుంచి మెదడు మీదికి మళ్ళింది. నాజీల బారినుంచి తప్పించుకుని లండన్ చేరిన బెర్తా, కారెల్ బోబాత్ దంపతులు సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం 1951లో కేంద్రం తెరిచారు. థెరపిస్టు తన చేతులతో బిడ్డ శరీరాన్ని సరైన భంగిమలోకి, కదలికలోకి నడిపించే వారి పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. కాలిఫోర్నియాలో ఎ. జీన్ ఎయిర్స్ అనే ఓటీ మరో దారి పట్టింది. స్పర్శ, శరీర సమతూకం, కండరాలనుంచి వచ్చే సమాచారాన్ని మెదడు సరిగా కలుపుకోలేకపోతే చదువులో, నడవడిలో ఇబ్బందులు వస్తాయని 1972లో వెలువరించిన పుస్తకంలో ప్రతిపాదించింది. నేటి సెన్సరీ ఇంటిగ్రేషన్ గదుల్లోని ఉయ్యాలలు ఆమె చలవే.

మన దేశానికి ఈ విద్య ముంబై దారిలో వచ్చింది. కూతురికి పోలియో రావడంతో చికిత్స కోసం తిరిగిన ఫాతిమా ఇస్మాయిల్ మిగతా పిల్లల కోసం కూడా 1947లో ముంబైలో క్లినిక్ తెరిపించారు. అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి పెళ్ళాడి, కమలా నింబ్కర్‌గా మారిన ఎలిజబెత్ లండీ ఓటీ చదివి వచ్చి, 1950లో కేఈఎం ఆసుపత్రిలో దేశంలోనే తొలి ఓటీ పాఠశాల పెట్టారు. 1952లో ప్రపంచ ఓటీ సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక దేశాలు పదింటిలో భారత్ ఒకటి. తెలుగు నేలమీద 1984లో సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యంపై జాతీయ సంస్థ వెలిసింది. ఇప్పుడు దాని పేరు నీపిడ్. 2011 తర్వాత దేశంలో వైల్డ్ పోలియో కేసు లేదు. ఇప్పుడు ఓపీకి వచ్చేవారిలో ఎక్కువమంది నెలలు నిండకుండా పుట్టి బతికినవారు, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, అభ్యసన లోపాలు ఉన్నవారు.

ఈ శతాబ్దంలో ఈ వృత్తి తనను తాను పరీక్షించుకుంది. సెన్సరీ చికిత్సలు పనిచేస్తాయనడానికి ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది. మరుసటి ఏడు సెరిబ్రల్ పాల్సీ చికిత్సలను ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నొవాక్ బృందం జల్లెడ పట్టింది. బోబాత్ తరహా పద్ధతికి తగిన బలం కనిపించలేదు. బిడ్డకు ఏ పని రావాలో ఆ పనినే లక్ష్యంగా పెట్టుకుని చేయించడం, తల్లిదండ్రులు ఇంట్లో రోజూ సాధన చేయించడం ఫలితమిస్తాయని తేలింది. గ్లాసు పట్టుకోవడం రావాలంటే గ్లాసే పట్టించాలి. అంటే, చేస్తేనే వస్తుందన్న 1917 నాటి నమ్మకం దగ్గరికే శాస్త్రం తిరిగి వచ్చింది.

అందుకే ఓపీలో పనిచేసే మంచి థెరపిస్టును అంచనా వేయవలసింది గదిలోని సామగ్రిని బట్టి కాదు. వారంలో ఆ గంటో రెండు గంటలో పోను మిగతా సమయంలో ఎక్కువభాగం బిడ్డ ఇంట్లోనే ఉంటాడు. స్నానం, భోజనం, బడికి తయారవడం, వీటిలో ఏది ఎలా చేయించాలో ఇంట్లోవాళ్ళకు నేర్పి పంపితేనే చికిత్స పూర్తయినట్టు. తల్లిని తలుపు బయట కూర్చోబెట్టే సెషన్ సగం సెషనే.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, అభ్యసన లోపాలను గుర్తించింది. 2021 చట్టం ఓటీలను అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ పరిధిలోకి తెచ్చింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. మీ బిడ్డ ఎదుగుదల వెనకబడిందని అనుమానం వస్తే, పెద్దయ్యాక అదే వస్తుందిలే అని ఆగకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. థెరపిస్టు ఏం చదివారో అడగండి. సెషన్ ముగిశాక, ఈ వారం ఇంట్లో ఏం చేయించమంటారు అని తప్పకుండా అడగండి.