సోలెడు ఉప్పు ఎన్ని గ్రాములు?

ఏప్రిల్ 1 వస్తోంది. 1962లో ఆ రోజు నుంచే దేశమంతటా కిలోలు, గ్రాములు తప్పనిసరయ్యాయి. శేరు, వీశె, మణుగు చట్టం ముందు చెల్లకుండా పోయాయి. మేడ్చల్, శామీర్‌పేట ఇళ్లలో మామిడికాయ తొక్కు మాటలు మొదలయ్యేదీ ఈ రోజుల్లోనే. ఆ చట్టం ఈ తొక్కు జాడీలోకి ఎలా వచ్చిందో చెప్పుకోవాలి.

కాకతీయుల నాటి శాసనాల్లోనే పుట్టి, తూము ఉన్నాయి. కుతుబ్‌షాహీలు పోయి అసఫ్‌జాహీలు వచ్చినా పల్లెలో గింజను పాత్రతోనే కొలిచారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఊరు మారితే సోల సైజు కూడా మారేది.

వడ్ల రాశి దగ్గర కొలిచేవాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. నాకు ఇంతకన్నా అందమైన లెక్క తెలియదు. కానీ కష్టమూ అక్కడే ఉండేది. తలగొట్టి కొలిస్తే ఒక లెక్క, గోపురం పెట్టి కొలిస్తే ఇంకో లెక్క. కుమ్మరికి, వడ్రంగికి ఏడాది పనికి ముట్టే గింజలు కొలిచేవాడి చేతిని బట్టి ఉండేవి. నాగుకు, అంటే గింజల వడ్డీకి, తెచ్చిన పుట్టెడు వడ్లకు పుట్టిన్నర తిరిగి కొలవాల్సిన రైతుకు ఆ గోపురం ఎంత బరువో ఊహించండి. తూకం పేదవాడికి మేలే చేసింది.

కొత్త తూనికల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి విడతలుగా అమలైంది. ఎనభై తులాల శేరు అంటే 933 గ్రాములు. శేరు అలవాటున్న ఇల్లాలు కిలో అడిగితే 67 గ్రాములు ఎక్కువే వస్తుంది. అసలు తులం 11.66 గ్రాములు. నేడు బంగారం అంగట్లో తులమంటే పది గ్రాములే.

అంగడి మారినంత తేలిగ్గా వంటిల్లు మారలేదు. కారం, ఉప్పు, ఆవపిండి సోలకు సోల వేయమని పెద్దవాళ్లు చెప్పేవారు. దాన్నే కిలోకు కిలో అని రాసుకుంటే తొక్కు చెడుతుంది. లీటరు డబ్బా నిండా మెత్తటి ఉప్పు పోస్తే సుమారు 1,200 గ్రాములు తూగుతుంది. అదే డబ్బాలో కారం అర కిలో దాటడం కష్టం. అంటే పాత పాళ్ల ప్రకారం కిలో కారానికి రెండు కిలోలకు పైగా ఉప్పు పడాలి. కిలో మాత్రమే వేస్తే ఉప్పు సగం కూడా పడదు, జాడీలో బూజు పడుతుంది. కల్లుప్పయితే గళ్ల మధ్య గాలి ఉంటుంది కాబట్టి అదే డబ్బాలో తక్కువ తూగుతుంది. నూనె కూడా అంతే, లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములని రాసి ఉంటుంది.

ఇక ఈ కాలం లెక్క ఒక దారిన పోవడం లేదు. 2011 ఏప్రిల్ 1న ఇంకో తూనికల చట్టం అమల్లోకి వచ్చింది. శామీర్‌పేట పక్కన తుర్కపల్లి ల్యాబుల్లో మందును మిల్లీగ్రాముల్లో తూస్తున్నారు, రోడ్డు పక్కన రేగుపండ్లు మాత్రం డబ్బా లెక్కనే. కొత్త అపార్ట్‌మెంట్లలో రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు. అమెరికా నుంచి కూతురు పంపిన కప్పు 240. రెండింటినీ ‘కప్పు’ అనే రాసుకుంటున్నారు.

ఇంట్లో అమ్మమ్మ సోల గిన్నె ఇంకా ఉంటే ఈ వేసవిలో ఒక పని చేయండి. ఆమె చేతులతోనే కారం, ఉప్పు, ఆవపిండి, మెంతిపిండి కొలిపించండి. ఒక్కోదాన్నీ ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, గ్రాములు నోటుబుక్కులో రాయండి. ఉప్పు కల్లుదో, మెత్తదో కూడా రాయండి.