ప్రసవంలో నిర్లక్ష్యం: ఏ కోర్టుకు వెళ్లాలి?

సాకేత్‌లో బిల్లు కట్టి కాన్పు చేయించుకున్న తల్లికీ, సర్కారు దవాఖానాలో ఉచితంగా కాన్పైన తల్లికీ ఒకే పొరపాటు జరిగిందనుకోండి. ఇద్దరూ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలరా? మనలో చాలామంది తప్పు రాసేది ఇక్కడే.

1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని 'సేవ' అంది. కానీ అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మినహాయించింది. కొందరి దగ్గరైనా ఫీజు తీసుకుంటే మాత్రం అక్కడి ఉచిత రోగికీ హక్కుంటుంది.

మరి రెండో తల్లికి? సివిల్ దావా ఉంది. అదెంత దూరమో అచ్యుతరావు ఖోడ్వా కేసు చెబుతుంది. 1963 జులైలో ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయన భార్యకు కాన్పైంది. మూడు రోజులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. కడుపులో టవల్ మరిచిపోయారు. ఆమె ఆ నెలలోనే చనిపోయింది. కింది కోర్టు 36,000 రూపాయలు ఇప్పించింది, హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1996 వచ్చింది. 36,000కి 32 ఏళ్లు!

ఇంకో దారి రిట్. 2010లో లక్ష్మీ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రభుత్వ వైద్యం అందడమూ తల్లి పునరుత్పత్తి హక్కులూ ఆర్టికల్ 21లో భాగమే అంది. బాధితుల్లో ఒకామె చెట్టు కింద ప్రసవించింది. రెండు కుటుంబాలకూ పరిహారం ఇమ్మని ఆదేశించింది.