పలకడం మానేసిన పేరు

1979లో యెరూషలేము పాత నగరం పక్కన, హిన్నోము లోయ అంచునున్న రాతి సమాధుల్లో పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. తాయెత్తులుగా ఒంటిమీద ధరించినవి. ముట్టుకుంటే పొడి అయ్యేంత పెళుసుగా ఉన్న ఆ రేకులను విప్పడానికే ఏళ్లు పట్టింది. విప్పి చూస్తే, సన్నని గీతలతో చెక్కిన హీబ్రూ రాత. సంఖ్యాకాండంలో యాజకులు ప్రజలకు పలికే దీవెనలోని మాటలు. వాటి మధ్య నాలుగక్షరాల పేరు ఒకటి: యోద్, హే, వావ్, హే. ఆ రేకులు క్రీస్తుపూర్వం 600 ప్రాంతానివి. బైబిలు మాటలు రాసివున్న వస్తువుల్లో ఇంతకన్నా పాతది ఇంతవరకు దొరకలేదు.

తెలుగు బైబిలు చదివేవారికి ఆ పేరు యెహోవాగా తెలుసు. హీబ్రూ గ్రంథంలో సుమారు 6,800 సార్లు వస్తుంది. పొరుగు రాజ్యాలకూ అది తెలిసిన పేరే. 1868లో వెలుగులోకి వచ్చి ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మోయాబు రాజు మేషా శాసనంలో, క్రీస్తుపూర్వం 9వ శతాబ్దంలోనే, ఇశ్రాయేలు దేవుడి పేరుగా ఇవే నాలుగక్షరాలు ఉన్నాయి.

దాని అర్థమేమిటి? నిర్గమకాండం 3వ అధ్యాయంలో మండుతున్న పొద దగ్గర మోషే అడిగింది ఇదే. వచ్చిన జవాబు ‘ఉండు’ అనే క్రియ చుట్టూ తిరుగుతుంది: ఎహ్యే అషెర్ ఎహ్యే. హీబ్రూ క్రియారూపం ‘ఉన్నాను’ అనడానికీ ‘ఉంటాను’ అనడానికీ చోటిస్తుంది. గ్రీకులోకి తర్జుమా చేసిన యూదు పండితులు దాన్ని ‘ఉన్నవాడు’ అన్నారు. ఆ ఒక్క ఎంపిక క్రైస్తవ చింతనను శతాబ్దాల పాటు నడిపించింది. దేవుడంటే ఉనికి, మిగతావన్నీ ఆయన వల్ల ఉన్నవి అనే ఆలోచన అగస్టీను నుంచి థామస్ అక్వినాస్ దాకా ఈ వాక్యం మీదే నిలబడింది. తూర్పు సంఘాల చిత్రపటాల్లో క్రీస్తు తల వెనుక వెలుగువలయంలో మూడు గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి. అవి ఈ ‘ఉన్నవాడు’ అన్న మాటే.

అయినా నా మనసు రెండో అర్థం వైపే మొగ్గుతుంది. రెండు వచనాల ముందే దేవుడు మోషేకు తోడుగా ఉంటానని అదే క్రియతో మాట ఇచ్చాడు. ఐగుప్తులో ఇటుకలు మోస్తున్న వెట్టివారికి కావలసింది ఉనికి గురించిన తత్త్వం కాదు, విడిచిపోనివాడు. ఆ పేరులో ముందు వినిపించేది ఆ హామీ.

ఇంత దగ్గరైన పేరును పలకడం క్రమంగా ఆగిపోయింది. భయభక్తులే కారణం. దేవాలయం నిలిచివున్న కాలంలో ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు దాన్ని పలికేవాడనీ, విన్న జనం సాష్టాంగపడేవారనీ యూదుల ప్రాచీన ధర్మసంహిత మిష్నా చెబుతుంది. క్రీస్తుశకం 70లో రోమా సైన్యం దేవాలయాన్ని కూల్చింది. అంతకుముందే మృతసముద్రపు చుట్టల్లో కొందరు లేఖకులు ఆ ఒక్క పేరునే పాత లిపిలో రాశారు, కొన్నిచోట్ల నాలుగు చుక్కలు పెట్టి వదిలేశారు. చదివేటప్పుడు దాని స్థానంలో ‘అదోనాయ్’, అంటే ప్రభువు అనేవారు. గ్రీకులో ‘కురియోస్’ అన్నారు.

యేసును దేవుడిగా కొలిచే క్రైస్తవ సిద్ధాంతానికి అసలు ఆధారం ఈ ప్రత్యామ్నాయంలోనే ఉంది. యెషయా 45వ అధ్యాయంలో, తాను తప్ప వేరే దేవుడు లేడని చెప్పిన నోటితోనే, ప్రతి మోకాలూ తన ముందు వంగుతుందని యెహోవా అంటాడు. ఏకదేవారాధనను ఇంత గట్టిగా చెప్పిన అధ్యాయాలు అరుదు. ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు ఆ మోకాళ్లను యేసు ముందు వంచుతాడు. అన్ని పేర్లకూ మించిన పేరు యేసుకు ఇవ్వబడిందనీ, ఆయనే కురియోస్ అనీ రాస్తాడు. ఆ రోజుల్లో రోమా చక్రవర్తినీ, ఇంటి యజమానినీ కూడా కురియోస్ అనేవారు. కానీ యెషయా తెలిసిన యూదుడు ఈ వాక్యం వింటే దాని వెనుక ఏ పేరు ఉందో చప్పున పట్టుకుంటాడు. పౌలూ అలా పెరిగినవాడే, తెలిసే రాశాడు. త్రిత్వ సిద్ధాంతాన్ని 325లో నికయా సభ గాలిలోంచి తెచ్చిందనేవారు ఈ పత్రికను తీరిగ్గా చదవాలి. యేసు అనే పేరులోనే, హీబ్రూ రూపమైన యెహోషువలో, ఆ దైవనామపు పొట్టిరూపం ఉంది. యెహోవా రక్షణ అని దాని భావం. హల్లెలూయలో చివరి ‘య’ కూడా అదే.

యెహోవా అనే ఉచ్చారణ కథ వేరు. హీబ్రూ ప్రతుల్లో అచ్చు గుర్తులు చేర్చిన మసోరా పండితులు నాలుగు హల్లులకు ‘అదోనాయ్’ అచ్చులను తగిలించారు, అలా చదవమని గుర్తుచేయడానికి. మధ్యయుగపు ఐరోపా క్రైస్తవులు ఆ రెండింటినీ కలిపి చదివారు. అసలు పలుకుబడి ‘యాహ్వే’ అయివుంటుందని ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది అంటారు. 2008లో వాటికన్ ఆ పేరును ఆరాధనలో పలకవద్దని, ప్రభువు అనే వాడాలని కోరింది. తెలుగు ప్రార్థనామందిరాల్లో పాడే యెహోవాను తప్పుపట్టడానికి నాకు మాత్రం మనసు రాదు. తరతరాల మొర ఆ పలుకులో ఉంది. యెహోవా యీరే, యెహోవా షమ్మా అని ఇళ్లకు పేర్లు పెట్టుకున్నవాళ్లు కొలిచేది ఉచ్చారణను కాదు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. మన బైబిలు పాత నిబంధనలో యెహోవా అంటుంది, కొత్త నిబంధన గ్రీకును అనుసరించి ప్రభువు అంటుంది. రెండూ ఒకే పేరు చోట నిలిచాయని మామూలు పాఠకుడికి తెలిసే దారి తక్కువ. యోవేలు 2వ అధ్యాయం 32వ వచనాన్నీ, రోమీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం 13వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. తర్వాత ఆ పత్రికలో అంతకు నాలుగు వచనాల ముందు ప్రభువు అని ఎవరిని ఒప్పుకోమని పౌలు అంటున్నాడో చూడండి.