నివేశనచరిత్రము, నిక్షేపాన్వేషణము

ఆంధ్రదేశపు దానశాసనములందును, పాత క్రయపత్రములందును అష్టభోగములను మాట తఱచుగా కానవచ్చును. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను నీ యెనిమిదింటిలో మొదటి రెండును భూమిలో దాగియున్న ధనమునకు సంబంధించినవి. భూమి నిచ్చువాడు దానిపై పండు పంటతోడనే దాని గర్భమునందలి యెవరెఱుగని సొత్తునుగూడ ఒప్పగించుచున్నాడని దీని భావము. నేలక్రింద ధనముండుట మనపూర్వులకు కేవలము కథావస్తువు గాక, పత్రమున వ్రాసికొనదగిన లౌకికవ్యవహారమై యుండెనని దీనివలన తేటపడుచున్నది.

పూర్వుల నివేశనస్థలము పాడుపడి, గోడలు కూలి, పెరడు ముండ్లతుప్పలచే కప్పబడియుండగా, వారసులకు రెండు కోరికలు కలుగుట సహజము. తాతముత్తాత లచ్చట నెట్లు బ్రదికిరో తెలిసికొనవలయునని యొకటి. వారు దాచిన లంకెబిందె లేవైన మిగిలియున్నవేమో చూడవలయునని రెండవది. లోహమును కనిపెట్టు యంత్రము అంగట దొరకుచున్న యీకాలమున రెండవ కోరికయే ముందు పరుగెత్తుచున్నది. కాని మొదటిది తీరక రెండవది తీరుట దుర్లభము. తీరినను దాని ఫలము నిలువదు. ఈ విషయము శాస్త్రమువలనను, దస్త్రములవలనను, నాణెములవలనను స్థాపింపదగియున్నది.

మొదట శాస్త్రము. కౌటిల్యుని అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున నిధినిగుఱించిన నియమములు కలవు. నిధిని కనుగొని తెలియజేసినవానికి ఆఱవపాలును, వాడు భృత్యుడైనచో పండ్రెండవపాలును చెందును. లక్షకు మించిన నిధి రాజునకు పోవును. అయితే అది తన పూర్వపురుషుల నిధియని తగిన సాధనముచే నిరూపించిన శుచియగు జానపదునకు సమస్తమును చెందవలయునట. నిరూపణము లేనిచో 500 పణములును, రహస్యముగా గ్రహించినచో 1000 పణములును దండము. యాజ్ఞవల్క్యస్మృతియు, నిధి దొరికినదని రాజునకు తెలుపక దాచి పట్టుబడినవానినుండి నిధిని గైకొని దండనముగూడ విధింపవలయునని చెప్పుచున్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్యనే పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయముగా రచించెను గావున, ఈ ధర్మము తెలుగువారికి క్రొత్తది గాదు.

ఇంగ్లీషువారి పాలనమున 1878లో నేర్పడిన 6వ ఆక్టు, అనగా నిధిశాసనము, యీ మార్గమునే త్రొక్కినది. భూమిలో దాగి, 10 రూపాయలకు మించి విలువగల వస్తువేదైన దొరికినచో, దొరికినవాడు వస్తువుల తీరును, విలువను, స్థలమును, తేదీని వ్రాసి కలెక్టరునకు తెలుపవలయును. కలెక్టరు ప్రకటన చేసి, నాలుగు మాసములకు తక్కువ గాకుండను ఆఱు మాసములకు మించకుండను గడువునిచ్చి హక్కుదారులను పిలుచును. ఆ ధనము దొరికిన దినమునకు పూర్వము నూఱేండ్ల లోపల తన పూర్వులచే దాచబడినదని యెవడైన చెప్పుకొన్నచో, ఆ హక్కు సివిలు న్యాయస్థానమున నిర్ణయింపబడును. ఎవరిదియు గానిచో, వేఱొడంబడిక లేనియెడల, దొరికినవానికి ముప్పాతికయు, స్థలము గలవానికి పాతికయు చెందును. ప్రభుత్వము తానే తీసికొనదలచినచో లోహపు వెలకు ఐదవవంతు చేర్చి యియ్యవలయును. తెలుపక దాచినవాడు తనపాలు పోగొట్టుకొనుటయేగాక, ఒక యేటివఱకు కారాగారమునకైన, జరిమానాకైన, రెంటికైన పాత్రుడగును. 1972లో వచ్చిన పురావస్తుశాసనముచే నూఱేండ్లు దాటిన వస్తువులపై మఱికొన్ని నిబంధనలు చేరినవి. కౌటిల్యుని ‘సాధన’మును, ఈ శాసనపు ‘నూఱేండ్ల’ గడువును కలిపి చూచినచో ఒక్కటే తాత్పర్యము కనబడును: ఇంటిచరిత్రమును కాగితముపై చూపగలవాడే పూర్వులధనమునకు వారసుడు; చూపలేనివాడు కేవలము దొరకబుచ్చుకొన్నవాడు.

ఆ చరిత్రమును వెదకవలసిన తావులు మూడు. మొదటిది ఇంటిలోని పెట్టె. తాటాకు కవిలెలు, కడితములు, క్రయపత్రములు, భాగపత్రములు, తనఖాచీట్లు పరిశోధకునకు మొదటి సాక్షులు. అన్నదమ్ముల భాగపత్రమునందు ఏ గది యెవరికి, నూతిలో ఎవరి కెన్ని పాళ్లు, పశువులసాల ఏ దిక్కున నున్నది యను వివరములు వ్రాయబడుటచే, కూలిపోయిన యింటి రూపము మరల కన్నులకు కట్టును. చెక్కుబందీలయందు మాత్రము జాగ్రత్త వలయును. తూర్పున ఫలానివారి గోడయని యొక పత్రమున నుండగా, రెండుతరముల పిమ్మటి పత్రమున అదే గోడ మఱియొకరి పేర నుండవచ్చును. పత్రములను తేదీల వరుసను పేర్చి, ఒక్కొక్క హద్దునకు వంశక్రమము వ్రాసికొనినగాని స్థలనిర్ణయము కుదురదు.

రెండవ తావు ప్రభుత్వపు దస్త్రము. కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాహాయ్యముతో సేకరించిన కైఫీయతులు అనేక గ్రామముల పుట్టుపూర్వోత్తరములను తెలుపును. వానియందు దేవాలయములు, చెఱువులు, మిరాశీదారులు, కరణములు కనబడుదురేగాని ఒక్కొక్క యింటి ప్రసక్తి తఱచుగా నుండదు. చెన్నపట్టణపు రాజధానిలో 1858లో నేర్పడిన ఈనాముకమీషను రిజిష్టరులందు, ఈనా మెవరిచ్చినది, ఎవరు పొందినది, పిదప ఎవరెవరి యనుభవమున నున్నది యను వివరములు కలవు. ఈనాముదారుల కుటుంబములకు ఇవి వంశవృక్షములవలె నుపకరించును. తరువాతి సర్వేసెటిల్‌మెంటు కాలమున ఇంగ్లీషు తెలుగుల రెంటను అచ్చయిన డైగ్లాటు రిజిష్టరులు పొలములకు ప్రమాణములు. తెలంగాణమున సేత్వారు, 1954–55 నాటి ఖాస్రాపహాణీ అట్టి యుపకారమునే చేయును.

అయితే ఇచ్చట నొక చిక్కు కలదు. ఈ దస్త్రములు శిస్తు కొఱకు పుట్టినవి. శిస్తు పొలమునకుగాని యింటికి గాదు. కావున జనులు నివసించు గ్రామకంఠము సాధారణముగా ఒకే నంబరుక్రింద, లోపలి యిండ్ల విభాగము లేకయే, గుర్తింపబడినది. గ్రామములందలి నివేశనములను విడివిడిగా కొలిచి పటము గీయుటకై కేంద్రప్రభుత్వము స్వామిత్వపథకము నారంభించినది 2020లోనే. పొలమును వెదకువానికి దస్త్రము చేయు సాహాయ్యము ఇంటిని వెదకువానికి చేయదని దీనివలన తెలియుచున్నది. అందుచే రిజిష్టరు కచేరీయందలి నకళ్లును, మూడవ తావగు వృద్ధుల జ్ఞాపకమును తప్పక ఆశ్రయింపవలయును.

వృద్ధులు క్రీస్తుశకమున కాలము చెప్పరు. సంవత్సరము పేర చెప్పుదురు. “నందనలో ఇల్లు విడిచిరి,” “ధాతలో గోడ కూలినది” అనుట పరిపాటి. అఱువదేండ్ల కొకసారి అదే పేరు మరల వచ్చును గావున నందన యనగా 1832–33 కావచ్చును, 1892–93 కావచ్చును, 1952–53 కావచ్చును. గుంటూరుమండలమును నాశనము చేసిన గొప్పకఱవు మొదటి నందనలోనిది. ధాతకఱవని పేరొందినది 1876–77లో నారంభమైనది. చెప్పినవారి తాతల వయస్సును, పత్రముల తేదీలను, కఱవుల వృత్తాంతమును సరిచూచినగాని ఏ నందనయో, ఏ ధాతయో తేలదు. అఱువదేండ్ల పొరపాటు ఒక తరము మార్చును. తరము మారినచో ఇల్లే మారును.

ధన మెందుకు దాచబడినదను ప్రశ్న తరువాతిది. బ్యాంకులు లేని దినములలో భూమియే బ్యాంకు. 1816లో పిండారీలు గుంటూరుసీమపై బడి దోచినప్పుడును, కఱవుకాలమున ఇల్లు విడిచి వలస పోవలసి వచ్చినప్పుడును, వెండిబంగారములను వెంట గొనిపోవుటకంటె నేలలో పూడ్చుటయే క్షేమమని జనులు తలంచుట వింతగాదు. బ్యాంకులు వచ్చిన పిమ్మటను 1906లో చెన్నపట్టణపు అర్బత్నాట్ కంపెనీ దివాలా యెత్తుటతో అనేకుల నమ్మకము చెడినది. కాని దాచినవాడు ఆపద తీరగనే తన సొత్తును తాను త్రవ్వి తీసికొనును. నేటికిని నేలలో మిగిలియున్నదనగా, దాచినవాడు తిరిగి రాలేదని యర్థము. లేదా మరణకాలమున చెప్పుటకు నోరాడలేదని యర్థము. 1864 నవంబరు 1వ తేదీని బందరుపై వచ్చిపడిన యుప్పెనలో వేలకొలది జనులు ఒక్కరాత్రిలో మునిగిపోయిరి. వారి రహస్యములును వారితోనే పోయియుండును. కనుక మిగిలిన నిక్షేపము ఐశ్వర్యమునకంటె నెక్కుడుగా ఆపదకు గుఱుతు. ఏ కుటుంబమున నే యాపద వచ్చినదో తెలిసినగాని నిక్షేపము మిగిలియుండుటకు కారణము కలదో లేదో ఊహించుటకు వీలులేదు.

ఇక యంత్రము. దీని పుట్టుక వైద్యమున కలదు. 1881లో అమెరికా దేశాధ్యక్షుడు గార్‌ఫీల్డు కాల్చబడినప్పుడు, శరీరములోని గుండును కనుగొనుటకై టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండరు గ్రాహంబెల్లు ఇట్టి యంత్రమును ప్రయోగించెను. మంచముపఱుపులోని లోహపుచుట్టలవలన యంత్రము తబ్బిబ్బైనది, గుండు దొరకలేదు. రెండవ ప్రపంచయుద్ధమున కొసాకీ యను పోలెండుదేశీయుడు భూమిలోని మందుపాతరలను వెదకుటకు చేతితో మోయదగిన యంత్రమును సిద్ధపఱచెను. తీగచుట్టలో దిశమారు విద్యుత్తు ప్రవహింపగా చుట్టును అయస్కాంతక్షేత్ర మేర్పడును; నేలలోని లోహమునందు దానివలన చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును; వాని ప్రతిక్షేత్రమును యంత్రము ధ్వనిగా వినిపించును. ఒంటినాణెమైనచో సాధారణముగా జానెడులోతు మొదలు మూరెడులోపలనే దాని శక్తి యుడుగును. లోహమున్నదని అది చెప్పునేగాని, ఎవరిదో, ఎన్నటిదో చెప్పదు. పాతయింటి స్థలమున తలుపుబందులు, మేకులు, గొళ్లెములు, ఎద్దులాడములు, పగిలిన యిత్తడిచెంబులు అడుగడుగునను కూయుచుండును. బెల్లునకు మంచమువలన కలిగిన చిక్కే వారసునకు ఇంటివలన కలుగును. భాగపత్రమునుబట్టి వీథితలుపేది, పశువులసాల యేది, నూయి యేది అని ముందుగా గీత గీసికొన్నవాడు ఇనుపమేకుల కూతకు మోసపోడు.

దొరకిన నాణెములను చదువుటకును చరిత్రము వలయును. 1818లో చెన్నపట్టణమున వరహాకు మాఱుగా రూపాయ ప్రమాణమయ్యెను. అప్పుడు వరహా 3½ రూపాయలకు సమముగా నిర్ణయింపబడెను. 1835లో కుంఫిణీ రాజ్యమంతటికి తులము తూగు ఒకేరూపాయ వచ్చెను. నైజాము రాజ్యమున వేఱు నాణెములు చెల్లెను. 20వ శతాబ్దారంభమునుండి వానిపై చార్మినారు బొమ్మ కలదు. నాణెముపై తేదీ యుండుటచే పూడ్చిన కాలము తెలిసినదని సంతసింపరాదు. విక్టోరియారాణి బొమ్మతో 1862 అని ముద్రింపబడిన రూపాయలు 1874వఱకును అదే తేదీతో అచ్చుపడినవి. నాణెముల కుప్పలో మిక్కిలి క్రొత్తదానినిబట్టి, అంతకు పూర్వము పూడ్చబడలేదని మాత్రమే చెప్పవచ్చును. పిదప నెంతకాలమునకు పూడ్చబడినదో పత్రములే చెప్పవలయును. నూఱేండ్ల గడువుపై హక్కు నిలుచునప్పుడు ఈ భేదము సామాన్యము గాదు.

చరిత్ర మెఱుగక త్రవ్విన ఫలము తెలుగువారు చూచియే యున్నారు. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో పట్టణము నిర్మించుచు, దీపాలదిన్నెను రాళ్లకై త్రవ్వించిరి. 1797లో మెకంజీ వచ్చి చూచినది బౌద్ధమహాస్తూపముయొక్క శేషము. ఆయన 1816లో మరల వచ్చునప్పటికి నడుమభాగము కోనేరుగా మాఱియుండెను. ఏ రాయి ఎచ్చట నుండెనో గుఱుతుంచుకొనకుండ త్రవ్వుటచే, మిగిలిన శిల్పములు లండనునకును చెన్నపట్టణమునకును చేరినను స్తూపముయొక్క పూర్ణరూపము ఊహకే మిగిలినది.

దీనికి ప్రతిగా ఇంగ్లండులో హాక్స్‌న్ గ్రామమున 1992 నవంబరున జరిగినది చూడదగును. ఒక రైతు పోగొట్టుకొన్న సుత్తిని వెదకుచు, ఆతని స్నేహితుడు ఎరిక్ లాస్ యంత్రముతో రోమనుల కాలపు నిధిని కనుగొనెను. కొంత తీసిన పిమ్మట ఆయన త్రవ్వుట మాని అధికారులకు తెలియజేసెను. మఱునాడు పురాతత్త్వజ్ఞులు వచ్చి, వస్తువులున్న యమరికతోసహా త్రవ్విరి. సుమారు 15 వేల నాణెములును, ఆభరణములును ఒక కొయ్యపెట్టెలో పేర్చబడియుండెనని అందుచేతనే తెలిసినది. దొరకినవానికి తగిన ధనమును లభించినది. లోకమునకు చరిత్రమును లభించినది. సుత్తియు బ్రిటిషు మ్యూజియమున చేరినది.

కావున పూర్వుల నివేశనమున గునపము వేయబోవువాడు మొదట పెట్టెయు, పిదప కచేరీయు, ఆపిదప వృద్ధుల నోరును తెఱపింపవలయును. రక్షితస్థలమగునో కాదో విచారింపవలయును. స్థలము జ్ఞాతుల యుమ్మడిదైనచో వారి సమ్మతి వ్రాయించుకొనవలయును. ఏదైన దొరకినచో లోతును, దిక్కును, ప్రక్కనున్న వస్తువులను పటమున గుఱుతించి, కలెక్టరునకు వ్రాయవలయును. ఏమియు దొరకకున్నను, ఇట్లు వెదకినవానికి ఇంటిపటమును, వంశక్రమమును, ఇల్లు విడిచిన సంవత్సరమును చేతికి వచ్చును. వీనికి పదిరూపాయల వెలలేదు గావున శాసన మడ్డురాదు. జ్ఞాతులందఱును భాగము కోరినను తరుగదు.