వాద్యబృందాన్ని నడిపే చెయ్యి: ఓరుగల్లు నుంచి ఒక పరిశీలన

పాతికమంది వాద్యకారులను ఒక్క తాటిమీద నడిపించే మనిషి ఎలా తయారవుతాడు? జుబిన్ మెహతా సంగతి చాలామందికి తెలుసు. 1936లో బొంబాయిలో పుట్టాడు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. మెహతా వైద్య విద్యకు స్వస్తి చెప్పి, 1954లో వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర శిష్యరికం చేశాడు. 1958లో లివర్‌పూల్ పోటీలో గెలిచాడు. గురువు, విద్యాలయం, పోటీ, ఆ తర్వాత కొలువు: ఆయన నడిచిన దారి స్పష్టంగా కనిపిస్తుంది.

మన దగ్గర అలాంటి దారి ఉండేదా? ఉండేది. దాని తొలి ఆనవాళ్లు కాకతీయుల ఓరుగల్లులోనే ఉన్నాయి.

జాయపసేనాని దివిసీమను ఏలిన అయ్య వంశపు కుర్రవాడు. వెలనాడును జయించిన గణపతిదేవుడు ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడి, వాళ్ల సోదరుడైన జాయనను తన కొలువుకు తెచ్చుకున్నాడు. కత్తి పట్టడంతో పాటు కళ కూడా నేర్వాలని గుండామాత్యుడి దగ్గర నృత్త, సంగీత విద్యలు చెప్పించాడు. జాయన తర్వాత గజసేనకు అధిపతి అయ్యాడు. ఆయన చేబ్రోలు శాసనం 1213 నాటిది, ఆయన రాసిన నృత్తరత్నావళి 1253-54 నాటిది. ఆ రెంటికీ మధ్య నాలుగు దశాబ్దాలు గడిచాయి. పడుచుతనంలో నేర్చిన విద్యను అంతకాలం రంగస్థలం మీద చూసి, పరీక్షించి, ఆ తర్వాతే ఆయన ఈ గ్రంథానికి గంటం పట్టి ఉంటాడు. నృత్తరత్నావళికి ఉన్న బలం అదే.

ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తర్వాతి నాలుగు దేశి పద్ధతికి కేటాయించాడు. చివరి అధ్యాయంలో ప్రదర్శన ఎలా జరగాలో, సభ ఎలా తీరాలో, నర్తకి ఎలా ప్రవేశించాలో చెబుతాడు. ఆటకు ముందే పాటనూ మేళాన్నీ కుదుర్చుకోవాలని గ్రహించిన మనిషి రాత అది. గీతరత్నావళి, వాద్యరత్నావళి అనే మరో రెండు గ్రంథాలు కూడా రాశాడు కానీ అవి మనకు దక్కలేదు. మన వాద్య చరిత్రకు వాద్యరత్నావళి పోవడం కంటే పెద్ద నష్టం నాకు తోచదు. నృత్తరత్నావళిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెనిగించడం మాత్రం మన అదృష్టం.

ఆ కాలపు మేళం ఎంత పెద్దదో దేవగిరిలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో లెక్క చెప్పాడు. ఉత్తమ బృందంలో నలుగురు ముఖ్య గాయకులు, ఎనిమిదిమంది సహగాయకులు, పన్నెండుమంది గాయనులు, నలుగురు వేణుగాళ్లు, నలుగురు మృదంగ వాద్యకారులు ఉండాలి. మొత్తం 32 మంది. ఇంతమందినీ ఒకరెవరో నడిపించాల్సిందే. మన సంప్రదాయంలో ఆ ఒకరు జనానికి వీపు పెట్టి నిలబడలేదు, మేళంలోనే కూర్చున్నాడు. నృత్యంలో నట్టువనారును చూడండి. చేతిలో తాళాలు, నోట జతులు, చూపు మాత్రం నర్తకి పాదాల మీద. మృదంగం వాయించేవాడు ఆయన తాళం వింటూ నర్తకి అడుగు చూస్తాడు. ఏళ్ల తరబడి గురువు పక్కన కూర్చుంటే తప్ప ఆ విద్య పట్టుబడదు.

కాకతీయుల నాటి పేరిణి నృత్యంలో ఈ పని మరీ కష్టం. అందులోని అంగాలలో ఒకటైన ఘర్ఘరం గజ్జెల మోత మీదే నడుస్తుంది. మద్దెల ఒక్క మాత్ర తప్పినా గజ్జె ఒంటరిగా మోగి పట్టిస్తుంది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ జాయన గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి దగ్గర వందల మంది చేత ఆడించారు. అన్ని పాదాలను ఒక్క దరువు మీద నిలబెట్టడం బృంద నాయకత్వమే.

శాస్త్రం తెలియకుండానే ఆ నాయకత్వం ఒగ్గుడోలులో కనిపిస్తుంది. ముందున్న డోలుగాడు దరువు మార్చాడంటే వెనక వరుసంతా ఆ దరువు ఎత్తుకుంటుంది. పాత వరంగల్ జిల్లా జనగామ ప్రాంతం వాడైన చుక్క సత్తయ్య అదే డోలు తోడుండే ఒగ్గుకథతో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా వెళ్లారు.

కాగితం మీద స్వరాలు రాసుకుని బృందాన్ని నడిపే పద్ధతి మనకు సినిమాతో, రేడియోతో బలపడింది. ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో 1952లో వాద్యబృందం మొదలైంది. రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దాన్ని నడిపారు. తర్వాత ఆ బాధ్యత ఒక తెలుగు వైణికుడికి దక్కింది. ఆయన ఈమని శంకరశాస్త్రి. 1922లో ద్రాక్షారామంలో పుట్టి, తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గర వీణ నేర్చుకుని, మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు. నా దృష్టిలో ఆ స్టూడియో అనుభవమే ఆయనకు బృందరచనలో అసలు బడి. ఢిల్లీలో సితార్, సరోద్‌లతో పాటు వీణ, వేణువు కూర్చునేవి. ఒకే స్వరాన్ని సితార్ ఒక తీరున, వీణ మరో తీరున కంపింపజేస్తాయి. ఏ గమకం ఎంతవరకో నాయకుడే తేల్చాలి. ఎవరెస్టు ఆరోహణ స్ఫూర్తితో ఆయన ‘ఆదర్శ శిఖరారోహణం’ రచించారు. వైణికుడు చిట్టిబాబు ఆయన శిష్యుడే.

 

మన సంగీత కళాశాలల్లో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం ఎవరికి వారుగా నేర్పుతారు. వాళ్లందరినీ కలిపి కూర్చోబెట్టి నడిపించే విద్యను కూడా పాఠంగా పెట్టాలి. అందుకు వరంగల్ విద్యారణ్య సంగీత, నృత్య కళాశాల కంటే తగిన చోటు లేదు. జాయన గ్రంథం, నట్టువాంగం, ఒగ్గుడోలు దరువులు, ఈమని బృందరచనలు పక్కపక్కన పెడితే తొలి ఏడాది పాఠ్యప్రణాళిక సిద్ధమైనట్టే. ప్రభుత్వ సాంస్కృతిక శాఖ ఈ పనికి పూనుకోవాలి.