మంగమ్మ బాట మీద పెద్ద బండి

మదురై నుంచి కన్యాకుమారి పోయే దారికి పాత పేరు మంగమ్మ సాలై. మదురైని ఏలిన తెలుగు నాయకుల ఇంటి కోడలు రాణి మంగమ్మ. మనవడు పసివాడు కావడంతో 1689 నుంచి దాదాపు పదిహేనేళ్లు రాజ్యం తనే చూసుకుంది. యుద్ధాలూ చేసింది గానీ, జనం నోట నిలిచినవి ఆమె వేయించిన బాటలూ, నాటించిన చెట్లూ, కట్టించిన సత్రాలూ. మదురై రైల్వే స్టేషన్ ఎదుట మంగమ్మ సత్రం ఇప్పటికీ ఉంది. అప్పటి ప్రయాణానికి లెక్క మజిలీయే. ఎంత తొందరగా చేరతావని ఎవరూ అడగరు, రాత్రికి ఎక్కడ ఆగుతావనే అడుగుతారు.

నేను ఆ బాట పక్క ఊరివాణ్ణి. కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో మా బోటివాళ్లకు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. ఉద్యోగం హైదరాబాదులో. రెండు చోట్లా రోడ్డు ఒక్కటే, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు. 2010లో నంబర్లు మార్చకముందు ఇది 7, వారణాసిలో మొదలయ్యేది. మావాళ్లు తెలుగు సీమ విడిచి దక్షిణానికి దిగి వచ్చిన కథను కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. ఆయన ఊరు ఇడైసెవల్. కోవిల్‌పట్టి దాటి దక్షిణానికి పోతుంటే ఈ రోడ్డు మీదే తగులుతుంది. నవలలో జనం ఆ దూరమంతా కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి కన్యాకుమారికి 1,200 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని పెద్ద మోటారుసైకిలు మీద ఒక పగలూ, కాస్త రాత్రీ కలిపి లాగించేస్తున్నారు.

మా వైపు మొదటి దూరపు బండి బుల్లెట్. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి కంపెనీ పెట్టారు, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టారు. మా మామకొకటి ఉండేది. విరుదునగర్ అంటే నూనె, పప్పులు, మిరపకాయల అంగడి. మామ అక్కడికి బేరానికి పోయి పొద్దు గూకకముందే ఇల్లు చేరేవాడు. రానూపోనూ వంద కిలోమీటర్లు. కార్తీకం వానల్లో తారు దిగి ఊరి దారి పట్టాడంటే మాత్రం అసలు ప్రయాణం అప్పుడే మొదలు. రేగడి మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూరి, బిగుసుకుని, చక్రాన్ని పట్టేసేది. దిగి, తుమ్మపుల్లతో గీకి, పది గజాలు నడిపి, మళ్లీ గీకాలి. "బండి నన్ను మోసిందానికంటే నేను దాన్ని మోసిందే ఎక్కువరా" అనేవాడు.

1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. ఉరుకు ఉంది, తాగుడూ ఉంది. పెట్రోలు చిల్లర లెక్కపెట్టి పోయించుకునే జనం మధ్య ఆ దశాబ్దం తిరిగేసరికే దాని తయారీ ఆగింది. ఇవాళ అదే బండికి పాత ఇనుము అని చూడకుండా ఎంతైనా పోస్తున్నారు. మనవాళ్లు ఇంతే.

పరుగూ, దూరమూ రెండూ కుదిరిన స్పోర్ట్ టూరర్ పుట్టింది వేరే రోడ్ల కోసం. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్‌కు విండ్ టన్నెల్‌లో పరీక్షించి మరీ నిండు ఫెయిరింగ్ తొడిగింది. గాలి ఛాతీని గుద్దకపోతే మనిషి సాయంత్రం దాకా అలవకుండా కూర్చోగలడు, గుట్టంతా అంతే. తర్వాత 1990లో హోండా ఎస్‌టీ1100, 2001లో యమహా ఎఫ్‌జేఆర్1300 వచ్చాయి. చైను తీసేసి షాఫ్ట్ పెట్టారు కాబట్టి దారిలో నూనె పూసే పని లేదు. పక్కల పెట్టెలు, పెద్ద ట్యాంకు, నడుము వంగిపోని సీటు. 1999లో సుజుకి హయబుసా గంటకు 300 కిలోమీటర్లు దాటేసరికి జపాను, యూరపు కంపెనీలు తమలో తాము 299 దగ్గర గీత గీసుకున్నాయి. మన కుర్రాళ్లకు హయబుసాను చూపించింది 2004 నాటి 'ధూమ్' సినిమా. సుజుకి దాన్ని ఇక్కడ అమ్మడం మొదలుపెట్టింది 2008లో, విడిభాగాలు తెచ్చి ఇక్కడే బిగించడం 2016లో. ఆలోగా మా రోడ్డు కూడా నాలుగు వరుసలైంది.

ఆ 299 మా రోడ్డు మీద ఎందుకూ కొరగాదు. నాలుగు వరుసల రోడ్డు మీద మోటారుసైకిలుకు చట్టం ఇచ్చిన హద్దు 80. చట్టం సంగతి అటుంచినా, డివైడరు సందులోంచి మేకలు దిగుతాయి, రాంగ్ సైడులో ట్రాక్టరు నింపాదిగా ఎదురొస్తుంది. ఇక్కడ పెద్ద బండి గొప్పతనం తెలిసేది కయత్తారు దగ్గర. 1799లో పాలెగాడు కట్టబొమ్మన్‌ను తెల్లవాళ్లు ఉరితీసిన ఊరది. ఆయన విగ్రహం రోడ్డు పక్కనే ఉంది, చుట్టూ గాలిమరలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా శెంగోట్టై కనుమలోంచి పడమటి గాలి దూసుకొస్తుంది. దక్షిణానికి పోయేవాణ్ణి కుడి పక్కనుంచి కొడుతుంది. కుడి వరుసలో పోయే లారీని ఎడమ నుంచి దాటుతున్నంతసేపూ లారీ చాటు, దాటగానే ఒక్క తోపు. తేలిక బండైతే గీత దాటి పోతుంది. 260 కిలోల బండి ఒక్క ఊపు ఊగి సర్దుకుంటుంది. ఫెయిరింగ్ పెద్దదైతే గాలి పట్టూ పెద్దదే, అది వేరే సంగతి. హ్యాండిల్ బిగించి పట్టినవాడికే కష్టం. మోకాళ్లతో ట్యాంకు నొక్కి, చేతులు వదులుగా ఉంచాలి.

బైపాస్ వచ్చాక కోవిల్‌పట్టి ఊరు రోడ్డుకు పక్కనే మిగిలింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, 2020లో జీఐ గుర్తింపు దక్కిన పల్లీ చిక్కీ కొట్లు, హాకీ మైదానం, వీటిలో ఒక్కటీ కన్యాకుమారి పోయేవాడి కంట పడదు. ఇరవై లీటర్ల ట్యాంకు వల్ల పెట్రోలుకూ ఆగక్కర్లేదు. కొందరు పెద్ద బండ్లవాళ్లు మాత్రం విరుదునగర్‌లో నూనెలో వేయించిన పరోటా కోసం పని గట్టుకుని ఆగుతారు. ఆ ఒక్క మజిలీని పరోటా కాపాడింది, మంగమ్మ సత్రాల వల్ల కాలేదు.

విరుదునగర్ దాటాక సాత్తూరు లోపే ఎట్టూరువట్టం టోల్‌గేటు. లక్షలు పోసి కొన్న బండైనా రెండు చక్రాలదే కాబట్టి రుసుము లేదు. ఎడమ చివర సన్నటి సందులోంచి పొమ్మంటారు. ఆ సందు మోపెడ్ల కొలతకు వదిలింది. పక్కల పెట్టెలున్న బండి అందులోకి దూర్చే ముందు దిగి వెడల్పు చూసుకోవడం మేలు. దిమ్మెల మీద రకరకాల రంగుల గీతలున్నాయి, చూడకుండా దూర్చినవాళ్లవి.