ఆవేసని, ఆచార్యుడు, డాక్టరు

జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను గుట్ట యొకటి కలదు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి పేర ఈ పట్టణమును నిలుపుటకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే ఆ గుట్టమీద బౌద్ధస్తూపము వెలసినది. 1882లో జేమ్స్ బర్జెస్ దొర దానిని పరిశీలించి, తరువాత గ్రంథరూపమున లోకమునకు తెలియజేసెను. అందలి శిల్పములు కొన్ని చెన్నపట్టణము చేరి ఎగ్మూరు మ్యూజియములో నున్నవి.

ఆ స్తూపముకడ దొరకిన ప్రాకృత శాసనము ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదవ పాలనాసంవత్సరము నాటిది, అనగా క్రీ. శ. 3వ శతాబ్దికి చెందినది. వేలగిరియందలి మహాచైత్యమునకు తూర్పువాకిట ఐదు ఆయకస్తంభములను సిద్ధార్థుడను నతడు నెలకొల్పెనని అందున్నది. సిద్ధార్థుడు రాజు కాడు, మంత్రి కాడు. అతని పేరునకు ముందున్న బిరుదము 'ఆవేసని'. పనివాండ్రకు పెద్ద, శిల్పకర్మలో ఆరితేరినవాడు అని దానికర్థము. అతని తండ్రియు ఆవేసనియే. మన మెట్టప్రాంతమున ఒక వృత్తి నెరిగినవాని పేరునకు ముందు ఆ వృత్తిగౌరవమును చెక్కిన ప్రాచీన నిదర్శనములలో ఇది యొకటి.

అదే గుట్టమీద మరికొన్ని శతాబ్దముల తరువాతి శాసనము వేరొకటి కలదు. భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడనియు, అతని శిష్యుడగు చంద్రప్రభుడు బుద్ధప్రతిమను చేయించెననియు అందు వ్రాయబడినది. ఈ నాగార్జునాచార్యుడే జగత్ప్రసిద్ధుడైన నాగార్జునుడని తొందరపడి నిర్ణయింపరాదు. మనకు కావలసినది 'ఆచార్య' శబ్దము. ఆవేసని చేతిపనిలో సిద్ధహస్తుడు. ఆచార్యుడు శాస్త్రమును గురుముఖమున గ్రహించి పరులకు బోధింపగలవాడు. ఈ రెండు గౌరవములును ఒక్క మనుష్యునియందే కలియవలెనని కోరునది నేటి వృత్తిడాక్టరు పట్టము.

డాక్టరు అను మాట లాటిన్ భాషనుండి వచ్చినది. దాని ధాతువునకు బోధించుట యని అర్థము. మధ్యయుగములందు బొలోన్యాలో ధర్మశాస్త్రమును, పారిస్‌లో మతశాస్త్రమును పెక్కేండ్లు చదివి, పండితసభయెదుట వాదమున నిలిచినవానికి బోధనాధికారము లభించెడిది. ఆనాటి డాక్టరు మన ఆచార్యునకు సోదరుడు. 1810లో బెర్లిను విశ్వవిద్యాలయము తలయెత్తిన పిమ్మట, క్రొత్త సత్యమును కనుగొని సిద్ధాంతవ్యాసము వ్రాయుటయే డాక్టరు పట్టమునకు ప్రాణమను భావము బలపడినది. అమెరికాలో 1861లో యేల్ విద్యాలయము తొలి పీహెచ్.డి. పట్టముల నిచ్చినది. ఇది పరిశోధనశాఖ. వైద్యము, ఔషధశాస్త్రము వంటి వృత్తులందు పరిశోధనతోబాటు అనుభవమునుగూడ పరీక్షించు శాఖ రెండవది. ఒకే రెండక్షరములు రెండు శాఖలవారి పేర్లముందును నిలుచుటచేత సామాన్యులకు భ్రాంతి కలుగుచున్నది.

ముందుగా వైద్యమును చూతము. నందిగామలో మనము 'డాక్టరుగారు' అని పిలుచువారిలో పలువురు ఎం.బి.బి.ఎస్. పట్టభద్రులు. వారి చదువు నాలుగున్నర సంవత్సరములు. ఆపైన ఒక యేడు ఆసుపత్రిలో వివిధ శాఖలందు తిరిగి చేయు శిక్షణ. బ్రిటిషు సంప్రదాయము ననుసరించి వారిని డాక్టరని పిలుచుట వాడుక యైనది; పట్టము పేరులో మాత్రము ఆ మాట లేదు. అమెరికాలో వైద్యునకు మొదటి పట్టమే ఎం.డి.; మనదేశమున అది పై పట్టము. ఎం.బి.బి.ఎస్. ముగించి, ప్రవేశపరీక్షలో నెగ్గి, మూడు సంవత్సరములు రోగులమధ్యనే మెలగవలెను. పెద్దల పర్యవేక్షణలో సిద్ధాంతవ్యాసము వ్రాసి, అది అంగీకృతమైన పిమ్మటనే చివరి పరీక్షకు కూర్చుండవలెను. ఆ పరీక్షలో వ్రాతయు కలదు, రోగిని కనులయెదుట పరీక్షించి చెప్పుటయు కలదు. ఒకటి నెగ్గి రెండవది తప్పినచో పట్టము లేదు.

ఈ కట్టుబాట్లు ఎవ్వరి మేలునకు? ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము ఈ ప్రశ్నను రెండువైపుల నుండి చూపుచున్నది. భీమవరమున 1895లో జన్మించిన ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చదివెను. ఖద్దరు ధరించుట శస్త్రచికిత్స బోధించు దొరకు కంటగింపైనదనియు, అందుచేత ఆయనకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే దక్కెననియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. నియమము న్యాయమైనను నియమమును నడుపువాడు న్యాయము తప్పినచో ఎట్లుండునో ఇది నిదర్శనము. ఆయన అమెరికా చేరి, రాత్రివేళ ఆసుపత్రిలో పరిచారకుని పని చేయుచు పగలు చదివెను. 1930లో హార్వర్డునుండి పీహెచ్.డి. పొందెను. బోదకాలు వ్యాధికి ఆయన బృందము కనుగొన్న ఔషధము నేటికిని మన యిండ్లలో వాడుకయందున్నది. మద్రాసులో తక్కువ పట్టము దక్కినవాని మేధస్సు తక్కువది కాదు. అయినను హార్వర్డులో ఆయన మినహాయింపు కోరక, నియమములన్నింటిని దాటి చూపెను.

ఔషధము మాట వచ్చినది గనుక ఫార్మ్.డి. పట్టమును గూర్చియు చెప్పవలెను. వైద్యము చేయువాని కిచ్చు ఎం.డి. వంటిదే, మందుల వాడుకను పర్యవేక్షించువాని కిచ్చునది ఫార్మ్.డి. భారత ఫార్మసీ కౌన్సిలు 2008లో దీనికి నిబంధనలు చేసినది. ఇంటర్మీడియెట్ చదివిన పిమ్మట ఆరు సంవత్సరముల చదువు. మొదటి ఐదేండ్లు పాఠములు, ప్రయోగములు, ఆసుపత్రిలో శిక్షణ. ఐదవయేట గురువు పర్యవేక్షణలో ఒక పరిశోధనపని. ఆరవయేడు పూర్తిగా ఆసుపత్రిలోనే: ఆరు మాసములు సాధారణ వైద్యవిభాగమున, తక్కిన ఆరు మాసములు మరి మూడు విభాగములందు రెండేసి మాసముల చొప్పున. నూటికి 80 వంతుల హాజరు లేనివాడు పరీక్షకు అర్హుడు కాడు. వ్రాతలోను ప్రయోగములోను వేర్వేరుగా నూటికి 50 మార్కులు రావలెను. కళాశాలకు తగినంత పెద్ద ఆసుపత్రి తోడుగా నుండవలెనని నిబంధన. ఆసుపత్రి లేనిచో ఆవేసనికి రాయి లేనట్లే. పొలము తాకట్టు పెట్టి పిల్లలను చదివించు మన మెట్టగ్రామములవారు మొదట విచారింపవలసిన విషయ మిది. కళాశాల భవనపు సొగసు తరువాతి మాట.

అన్ని వృత్తులకును డాక్టరు పట్టము అవసరము కాదు. నందిగామ ప్రాంతమునకు చెందిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు న్యాయవాదియై, స్వాతంత్ర్య సమరమున చెరసాల చూచి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైరి. న్యాయవాదవృత్తికి బి.ఎల్. పట్టము చాలియుండెను. కానూరి లక్ష్మణరావుగారి మార్గము వేరు. కృష్ణాజిల్లా కంకిపాడున జన్మించిన ఆయన 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున పీహెచ్.డి. సాధించిరి. పట్టము పేరునుబట్టి అది పరిశోధనశాఖకు చెందినది. అయినను ఆయన దానిని నదులయొద్దకు తెచ్చిరి. కేంద్రమంత్రియై దేశపు నీటిపారుదల బాధ్యతను మోసిరి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునకు ఆయన మేధాశ్రమలు తోడ్పడినవి. దాని ఎడమకాలువ నీరు నందిగామ, జగ్గయ్యపేట మెట్టలకు ప్రాకినది. జగ్గయ్యపేటకు సమీపమున కృష్ణపై కట్టిన పులిచింతల ప్రాజెక్టు నేడు ఆయన పేరనే యున్నది. ఒక సిద్ధాంతవ్యాసపు ఫలము పంటచేలలో కనబడుట అరుదు, మనకు కనబడినది.

పట్టమునకు కావలసిన నియమములు కాలముతో మారుచునే యున్నవి. ఇటీవల చేరిన నియమమొకటి మావంటి మెట్టవారికి సంతోషకరమైనది. ఎం.డి., ఎం.ఎస్. చదువువారు తమ శిక్షణలో మూడు మాసములు జిల్లా ఆసుపత్రులందు పనిచేయవలెనని 2023 నాటి నిబంధనలు విధించుచున్నవి. పెద్ద నగరములోని రోగిని మాత్రమే చూచినవాని చదువు సంపూర్ణము కాదని దీని తాత్పర్యము. ఎడ్లబండిమీదనో ఆటోలోనో గంటసేపు ప్రయాణించి వచ్చిన రోగి కష్టము, మందు కొనలేక సగము మ్రింగి సగము దాచుకొనిన ముసలమ్మ భయము ఏ గ్రంథములోను దొరకవు. అవియును పాఠములే.

ఇక గౌరవడాక్టరేటులు కలవు. అవి సేవకు సమాజ మర్పించు పూలదండలు. వానికి చదువు నియమము లేదు, వానితో వైద్యము చేయరాదు. దండను దండగానే గౌరవింతము. పేరునకు ముందు డాక్టరని కనబడినపుడు ఏ పట్టము, ఎన్ని సంవత్సరములు, ఏ ఆసుపత్రిలో నేర్చిరి అని వినయముతో అడుగుట తప్పుకాదు. నిజముగ శ్రమించినవారు ఆ ప్రశ్నకు నొచ్చుకొనరు.

సిద్ధార్థుడు తన బిరుదమును శాసనమున వ్రాయించుకొనెను. దాని ప్రక్కనే తాను నెలకొల్పిన ఐదు స్తంభముల లెక్కను గూడ వ్రాయించెను. బిరుదము ప్రక్కన పని యుండవలెనని పదునేడు వందల యేండ్లనాడే ఆ గుట్ట చెప్పినది. మన పిల్లలు ఏ పట్టమునకు బయలుదేరినను వారికి మనమిచ్చి పంపవలసిన మాట అదియే.